కుందేళ్ళు తగ్గిన ఏడాది నక్కలు పెరిగినట్టు ఎందుకు కనిపిస్తాయి

పొలాల మధ్య ఉన్న ఇంటికి వచ్చిన ఈ నాలుగేళ్ళలో మొదటి రెండేళ్ళు పెరడంతా కుందేళ్ళే కనిపించాయనీ, మూడో ఏడు కుందేళ్ళు పలుచబడి నక్కలు పట్టపగలే తిరిగాయనీ, ఈ ఏడు రెండూ లేకుండా పోయి ఎలుకలు విపరీతంగా పెరిగాయనీ మీరు రాశారు. ఇది సహజంగా వచ్చే హెచ్చుతగ్గేనా, లేక ఆ చోటికి ఏదైనా కీడు జరిగిందా, ఎలుకలకు మందు పెట్టవచ్చా, మిగిలిన కుందేళ్ళకు మేత వేస్తే నిలబడతాయా, నక్కలు మళ్ళీ వస్తాయా అన్నవి మీ ప్రశ్నలు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి ఇంటి చుట్టూనే జంతువులను గమనిస్తూ, చూసింది చూసినట్టు నోటుపుస్తకాల్లో రాసుకుంటూ వచ్చిన అనుభవంతో, ఈ ప్రశ్నలకు నాకు తెలిసినంత వివరంగా జవాబు చెబుతాను.

మీరు చెప్పిన వరుస నాకు కొత్త కాదు. వేటాడే జంతువుకూ దానికి ఆహారమయ్యే జంతువుకూ మధ్య చాలా తరచుగా కనిపించే వరుస ఇది. దీనికి అందరికంటే ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ కెనడా అడవుల్లోని మంచు కుందేలు, దాన్ని తిని బతికే లింక్స్ అనే అడవిపిల్లి. హడ్సన్ బే కంపెనీ వారు ఉన్ని చర్మాల వ్యాపారం కోసం రాసుకున్న పాత ఖాతాలను ఛార్లెస్ ఎల్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పరిశీలించి, జంతువుల సంఖ్య నియమితమైన వ్యవధుల్లో పెరిగి తరుగుతుందని 1924లో ఒక వ్యాసంలో చూపించాడు. 1942లో మరొకరితో కలిసి ప్రచురించిన వ్యాసంలో సుమారు రెండు వందల ఏళ్ళ లింక్స్ చర్మాల లెక్కలను ఒకచోట చేర్చాడు. ఆ లెక్కల ప్రకారం ఇంచుమించు పదేళ్ళకొకసారి ఆ జంతువు సంఖ్య శిఖరానికి చేరి, ఆ వెంటనే కుప్పకూలుతుంది. కుందేలు ముందు పెరుగుతుంది, ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా లింక్స్ పెరుగుతుంది. కుందేలు ముందు పడిపోతుంది, దాని వెనకే లింక్స్ పడిపోతుంది.

ఈ ఆలస్యం ఎందుకు వస్తుందో అర్థమైతే మీరు చూసిన దానిలో సగం అర్థమైనట్టే. ఈ ఏడాది మీ చుట్టూ తిరిగే నక్కల సంఖ్యను నిర్ణయించేది ఈ ఏడాది ఉన్న ఆహారం కాదు, కిందటి ఏడాది ఉన్న ఆహారం. కుందేళ్ళు సమృద్ధిగా ఉన్న ఏడు ఆడనక్క ఎక్కువ పిల్లలను పెడుతుంది, వాటిలో ఎక్కువ బతికి పెద్దవవుతాయి. కానీ ఆ పిల్లలు పెద్దవై సొంతంగా వేట మొదలుపెట్టే సమయానికి కుందేళ్ళు తగ్గడం మొదలై ఉంటుంది. అంటే తినే నోళ్ళు అత్యధికంగా ఉన్న కాలమూ, తినడానికి ఉన్నది వేగంగా తరిగిపోతున్న కాలమూ ఒకటే అవుతాయి. కుందేళ్ళ పతనం అంత తీవ్రంగా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఒక ముఖ్య కారణం అన్నానే గాని ఒకే కారణం అనలేదు. కెనడాలో యూకన్ ప్రాంతంలోని క్లువానీ దగ్గర ఛార్లెస్ క్రెబ్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1980ల మధ్య నుంచి 1990ల మధ్య వరకు చదరపు కిలోమీటరు పరిమాణం గల అడవి ముక్కల్లో దీన్ని నేరుగా పరీక్షించారు. కొన్నిచోట్ల కుందేళ్ళకు అదనంగా మేత వేశారు, ఒకచోట విద్యుత్ కంచె కట్టి నేల మీద తిరిగే వేటజంతువులను లోపలికి రానివ్వలేదు, మరొకచోట ఈ రెండూ కలిపి చేశారు. శిఖర దశలోనూ పతన దశలోనూ చూస్తే, వేటజంతువులను ఆపిన చోట కుందేళ్ళ సాంద్రత మామూలు అడవికంటే రెండింతలైంది, మేత వేసిన చోట మూడింతలైంది, రెండూ చేసిన చోట పదకొండింతలైంది. ఆహారమూ వేటా విడివిడిగా పనిచేసి ఉంటే రెండూ కలిపిన చోట ఆరింతల దగ్గర ఆగి ఉండాలి. పదకొండింతలు కావడాన్ని బట్టి అవి ఒకదాని బలాన్ని మరొకటి పెంచుతాయని తెలిసింది. ఆకలితో ఉన్న కుందేలు మేత కోసం ప్రమాదకరమైన బయలులోకి వస్తుంది, అక్కడ దొరికిపోతుంది. అంతేకాక, వెంటాడే జంతువుల భయంలో బతికే తల్లి కుందేళ్ళ ఒంట్లో ఒత్తిడి హార్మోన్ పెరిగి, అవి పెట్టే పిల్లల సంఖ్యా, ఆ పిల్లల బరువూ తగ్గుతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వేట తగ్గిన తరువాత కూడా కుందేళ్ళు వెంటనే పుంజుకోకుండా రెండు మూడేళ్ళు అట్టడుగునే ఉండిపోవడానికి ఇది ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. మీ పెరడు ఇప్పుడు ఖాళీగా ఉండడం చూసి బెంగపడుతున్నారు గనుక ఈ సంగతి చెబుతున్నాను.

అయితే మీ నాలుగేళ్ళ జ్ఞాపకాన్ని ఆ రెండు వందల ఏళ్ళ లెక్కలతో సమానంగా చూడవద్దని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఒక పెరుగుదల, ఒక తరుగుదల చూసినంతలో దాన్ని చక్రం అనలేము. అది మళ్ళీ మళ్ళీ, దాదాపు అంతే వ్యవధిలో వచ్చినప్పుడే ఆ పేరు దానికి చెల్లుతుంది. పైగా నియమితమైన చక్రాలు ఎక్కువగా చలి ప్రాంతాల్లోనే కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ జంతుజాతులు తక్కువ, ఒక్కో వేటజంతువు ఒకటి రెండు జాతుల మీదే బతకాలి. వెచ్చని ప్రాంతాల్లో నక్క ఎలుకనూ తింటుంది, పురుగునూ తింటుంది, రాలిన పండునూ తింటుంది. కుందేళ్ళు పోయినంత మాత్రాన అది లింక్స్‌లాగా పస్తులుండదు. అక్కడి హెచ్చుతగ్గులను నడిపేది ఎక్కువగా వాన. ఆస్ట్రేలియా గోధుమ పొలాల్లో మంచి వానలు పడి పంట బాగా పండిన తరువాత చుంచెలుకలు ఉప్పెనలా పెరగడం పదే పదే జరిగింది. 2021లో కూడా ఆ దేశపు తూర్పు ప్రాంతం అలాంటి ఉపద్రవాన్నే ఎదుర్కొంది. మిజోరంలో అయితే ఆ గడియారం మరీ నెమ్మది. అక్కడి ఒక వెదురు జాతి సుమారు 48 ఏళ్ళకొకసారి కొండలకు కొండలే ఒకేసారి పూసి కాస్తుంది, ఆ కాయలు తిని ఎలుకలు పెరుగుతాయి, కాయలు అయిపోగానే పంటల మీద పడతాయి. 1959 ప్రాంతంలో అలా జరిగింది, మళ్ళీ 2007 ప్రాంతంలో జరిగింది. కాబట్టి మీ చుట్టూ ఏ రకం హెచ్చుతగ్గు నడుస్తోందో తెలియాలంటే వాననూ పంటనూ చెట్ల కాపునూ కూడా జంతువులతో పాటు రాసుకోవాలి.

మీరు రాసిన దానిలో నేను వెంటనే సందేహించిన విషయం మరొకటి ఉంది: మూడో ఏడు నక్కలు పెరిగాయన్న మాట. అవి ఎక్కువగా కనిపించాయన్నది నిజం, ఎక్కువగా ఉన్నాయన్నది వేరే సంగతి. కడుపు నిండిన నక్క రాత్రి వేటాడి పగలంతా పొదలో పడుకుంటుంది. ఆహారం కరువైన నక్క పగలు కూడా తిరుగుతుంది, ఇళ్ళ దగ్గరికి వస్తుంది, మనిషి అలికిడికి అంత త్వరగా బెదరదు. నా మొదటి పదేళ్ళ పుస్తకాల్లో నక్కలు దండిగా ఉన్నాయని రాసుకున్న ఒక ఏడాదిని, అదే ఏడాది ఇసుక దారి మీద పడిన అడుగుల లెక్కతో పోల్చి చూస్తే, అడుగులు అంతకు ముందరి ఏడాదికంటే తక్కువగా ఉన్నాయి. నేను చూసింది నక్కల పెరుగుదల కాదు, వాటి ఆకలి. అదే విధంగా గడ్డి కోసిన తరువాత కుందేళ్ళు ఎక్కువ కనిపిస్తాయి, తల్లి నుంచి విడిపోయిన పిల్లనక్కలు కొత్త చోటు వెతుక్కుంటూ తిరిగే నెలల్లో నక్కలు ఎక్కువ కనిపిస్తాయి. ఎల్టన్ వాడిన చర్మాల లెక్కలకు కూడా ఈ చిక్కు ఉంది. అవి అడవిలో ఉన్న జంతువుల లెక్కలు కావు, వేటగాళ్ళు పట్టి తెచ్చిన వాటి లెక్కలు.

అందువల్ల జంతువుల కంటే వాటి ఆనవాళ్ళను లెక్కపెట్టడం మేలు. కుందేళ్ళకు నేను చేసేది ఇది: పెరడులోనూ గట్ల వెంటా మీటరు పొడవు మీటరు వెడల్పు గల చదరాలు ఇరవై గుర్తుపెట్టి, నాలుగు మూలలా మేకులు దిగగొట్టి, వాటిలోని పెంటికలన్నీ ఏరివేసి శుభ్రం చేస్తాను. సరిగ్గా ఏడాది తరువాత, అదే నెలలో, కొత్తగా పడిన పెంటికలు లెక్కపెట్టి మళ్ళీ శుభ్రం చేస్తాను. పెంటికలను బట్టి కుందేళ్ళ సాంద్రతను అంచనా వేయవచ్చని క్లువానీ పరిశోధకులు కూడా చూపించారు. మీకు అసలు సంఖ్య అక్కర్లేదు, నిరుటితో పోలిస్తే ఎంత మారిందన్నదే కావాలి. నక్కలకూ ముంగిసలకూ ఉడుములకూ అయితే, అవి నడిచే కాలిబాట మీద ఒకటి రెండు చోట్ల మెత్తటి మట్టి పరచి సాయంత్రం చదును చేసి, ఉదయాన్నే అడుగులు చూడాలి. నెలలో ఎన్ని రాత్రులు చదును చేశారో, వాటిలో ఎన్నింట అడుగులు పడ్డాయో రాయండి. చదును చేసిన రాత్రుల సంఖ్య రాయకపోతే రెండో అంకెకు విలువ ఉండదు. కదలిక కనిపెట్టి ఫోటో తీసే కెమెరా ఉంటే మంచిదే, కానీ దాన్ని ఏళ్ళ తరబడి ఒకే చోట, ఒకే ఎత్తులో ఉంచాలి. జంతువు ఎక్కువ పడే చోటికి కెమెరాను మార్చుకుంటూ పోతే మంచి ఫోటోలు వస్తాయి, లెక్క మాత్రం పాడవుతుంది.

ఎలుకల విషయంలో మీకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి గుడ్లగూబ. అది ఎలుకను ముక్కలు చేయకుండా మింగి, అరగని ఎముకలనూ వెంట్రుకలనూ ఉండగా చుట్టి నోటితో కక్కేస్తుంది. పాత గోడల కిందా, పెద్ద చెట్ల కిందా ఈ ఉండలు దొరుకుతాయి. ఒక్కో ఉండలో తరచుగా మూడు నాలుగు పుర్రెలుంటాయి. చేతులకు తొడుగులు వేసుకుని, ఉండను నీళ్ళలో నానబెట్టి విప్పితే ఆ చుట్టుపక్కల ఏ ఎలుకలున్నాయో, వాటిలో ఏవి ఎక్కువో తెలిసిపోతుంది. దాని గూడు దొరికితే దూరం నుంచి పిల్లలను కూడా లెక్కపెట్టండి. తెల్ల గుడ్లగూబ గుడ్లను ఒకేసారి పెట్టదు, రెండు మూడు రోజులకొకటి చొప్పున పెట్టి, మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది గనుక పిల్లలు మెట్లమెట్లుగా ఉంటాయి. ఎలుకలు దండిగా ఉన్న ఏడు చివరి పిల్ల కూడా ఎగిరిపోతుంది, లేని ఏడు చిన్నవి చనిపోతాయి. ఎగిరిన పిల్లల సంఖ్యను బట్టి ఆ ఏడు ఎలుకలు ఎక్కువో తక్కువో చాలావరకు తెలుస్తుంది.

ఇక్కడ ఒక విన్నపం. ఏమీ కనిపించని రోజున కూడా పుస్తకంలో తేదీ వేసి సున్నా రాయండి. నాకు వచ్చిన ఉత్తరాల్లో, నాకు చూపించిన పుస్తకాల్లో నన్ను అత్యధికంగా బాధపెట్టేది ఇదే: జంతువులు దండిగా ఉన్న ఏళ్ళలో పేజీలకు పేజీలు రాసినవారు, అవి తగ్గగానే రాయడం మానేస్తారు. పతనం ఎప్పుడు మొదలైందో, అట్టడుగు దశ ఎంతకాలం ఉందో, మొదటి కుందేలు తిరిగి ఏ నెలలో వచ్చిందో చెప్పగలిగేది ఆ సున్నాల వరుసే. మీ కథలో అత్యంత విలువైన ఏడాది ఈ ఏడాదే, దీన్ని వదులుకోవద్దు.

ఇక ఎలుకలకు మందు పెట్టడం గురించి. నేను వద్దంటాను, దానికి బలమైన కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గినప్పుడు, పట్టిన చేపల్లో ఇతర చేపలను తినే జాతుల పాలు పెరిగిందని ఉంబెర్తో డాంకోనా అనే జీవశాస్త్రవేత్త గమనించాడు. అది ఎందుకో చెప్పమని గణితవేత్త వీటో వోల్టెరాను అడిగాడు. వోల్టెరా 1926లో ఇచ్చిన జవాబు ఇది: తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే పాళ్ళలో చంపుకుంటూ పోతే, సగటున తినేది తగ్గుతుంది, తినబడేది పెరుగుతుంది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా కూడా విడిగా ఇవే సమీకరణాలకు చేరుకున్నాడు. ఎలుకల మందు సరిగ్గా ఈ పనే చేస్తుంది. బ్రోడిఫాకుమ్, బ్రోమడయోలోన్ వంటి మందులు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజుల పాటు మందకొడిగా, తేలిగ్గా దొరికేలా తిరుగుతుంది, దాన్ని తిన్న గుడ్లగూబ కాలేయంలోనూ నక్క కాలేయంలోనూ ఆ విషం నెలల తరబడి పేరుకుంటుంది. చుంచెలుక మూడు వారాలకే ఈని, ఈతకు ఐదారు పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలు నెలన్నరకే మళ్ళీ పిల్లలు పెట్టే వయసుకు వస్తాయి. నక్క ఏడాదికి ఒక్క ఈత మాత్రమే ఈనుతుంది. రెండింటినీ చంపితే కొన్ని నెలల్లో ఎలుకలు తిరిగి వస్తాయి, వాటిని తినేవి రావడానికి ఏళ్ళు పడుతుంది. మీ ఇంట్లోకి ఎలుకలు రాకుండా కన్నాలు పూడ్చండి, గింజలను మూత ఉన్న లోహపు డబ్బాల్లో పెట్టండి, ఇంటి లోపల తప్పనిసరైతే బోను వాడండి. బయట ఉన్న ఎలుకలను గుడ్లగూబలకూ పాములకూ వదిలేయండి. గుడ్లగూబకు ఎత్తైన చోట ఒక పెట్టె అమర్చడం మీరు చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి, అయితే అది ఒక్క ఏడాదిలో ఫలితం చూపించదు.

కుందేళ్ళకు మేత వేయాలన్న మీ కోరికను నేను గౌరవిస్తాను, కానీ ఆ పని చేయవద్దు. మేత పెట్టిన చోట కుందేళ్ళు గుంపుగా చేరతాయి, ఆ సంగతి నక్కలకూ కుక్కలకూ రెండు రోజుల్లో తెలిసిపోతుంది, రోగం ఉంటే ఒకదాని నుంచి మరొకదానికి అంటుకుంటుంది. క్లువానీలో ఏళ్ళ తరబడి మేత వేసినచోట కూడా పతనం ఆగలేదు. మేతకు బదులు పొద ఇవ్వండి. గట్ల వెంట ముళ్ళపొదలను నరకకుండా ఉంచండి, గడ్డిని అంతా ఒకేసారి కాక ముక్కలు ముక్కలుగా కోయండి. అట్టడుగు దశలో మిగిలిన కొద్ది కుందేళ్ళు బతికేది అలాంటి దట్టమైన పొదల్లోనే.

సహజమైన తరుగుదలకూ కీడుకూ తేడా ఎలా తెలుస్తుందని మీరు అడిగారు. మొదటి పరీక్ష, ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్నవారిని అడగడం. కెనడా లింక్స్ లెక్కలను పరిశీలించిన ప్యాట్రిక్ మొరాన్ అనే గణాంకవేత్త, వాతావరణం ఒకటే అయినప్పుడు దూరదూరంగా ఉన్న మందల సంఖ్య కూడా కలిసి పెరిగి కలిసి తరుగుతుందని 1953లో చూపించాడు. అందరి దగ్గరా తగ్గితే కారణం పెద్దది, మీ చేతిలో లేనిది. మీ దగ్గర మాత్రమే తగ్గితే కారణం దగ్గరలోనే ఉంటుంది: విషమో, ఉచ్చులో, విడిచిపెట్టిన కుక్కలో, కొట్టేసిన పొదలో. రెండో పరీక్ష, కళేబరాలు. వేటకు బలైన జంతువు మిగలదు, ఈకో వెంట్రుకో ఎముకో మిగులుతుంది. గాయం లేకుండా మొత్తం శరీరాలు పడి ఉంటే, ముక్కు నుంచి రక్తం కారి ఉంటే, వెంట్రుకలు రాలి చర్మం గట్టిపడిన నక్క పగలు తూలుతూ కనిపిస్తే అది రోగమో విషమో అయి ఉంటుంది. వాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యులకూ అటవీ సిబ్బందికీ తెలియజేయాలి. మనిషికి బెదరకుండా మీదికి వచ్చే నక్క విషయంలో రేబిస్‌ను అనుమానించి దూరంగా ఉండాలి. ఇలాంటి రోగాల వల్ల కూడా ఒక చోటి లెక్కలన్నీ తారుమారవుతాయి. స్వీడన్‌లో 1970ల చివర నుంచి నక్కలకు గజ్జి వ్యాపించి అవి బాగా తగ్గిపోయినప్పుడు, అక్కడి కుందేళ్ళూ అడవికోళ్ళూ పెరిగాయి. గజ్జి తగ్గి నక్కలు కోలుకున్నాక అవి మళ్ళీ తగ్గాయి.

మీరు వర్ణించిన దానిలో అలాంటి కళేబరాల ప్రస్తావన లేదు. అందువల్ల ఇది కీడు కాదని నేను అనుకుంటున్నాను, అయినా చుట్టుపక్కల వారిని అడిగి నిర్ధారించుకోండి. నక్కలు తిరిగి వస్తాయా అన్న ప్రశ్నకు జవాబు, వస్తాయి, కానీ చివరగా వస్తాయి. ముందు చదరాల్లో పెంటికలు పెరుగుతాయి, అప్పటికి మీ కంటికి ఒక్క కుందేలు కూడా కనిపించకపోవచ్చు. ఆ తరువాత తెల్లవారుజామున గట్టు మీద ఒకటో రెండో కుందేళ్ళు కనిపిస్తాయి. చదును చేసిన మట్టి మీద నక్క అడుగులు వరుసగా పడడం అటు తరువాత ఏడాదికో రెండేళ్ళకో మొదలవుతుంది. ఎలుకలు ఇంత ఎక్కువగా ఉన్నాయి గనుక మీ దగ్గర అది కాస్త ముందే జరగవచ్చు. చదరాలను ఈ నెలలోనే శుభ్రం చేసి, తేదీ రాసి పెట్టుకోండి.